ఒకే లైనుకు నాలుగు స్పీడులు: మోడెమ్‌లోని అంకెలు చదవడం ఎలా?



మన వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు రోజూ అక్కరకొచ్చే ఒక సాంకేతిక విషయం కూడా ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను. చాలా ఏళ్ళుగా నేను టెలిఫోన్, ఇంటర్నెట్ లైన్ల పనిలో ఉన్నాను. ఈ పనిలో నేను ఎక్కువగా విన్న ఫిర్యాదు: "సార్, నెట్ స్లోగా ఉంది." దానికి ఎక్కువగా విన్న జవాబు: "మా వైపు అంతా బాగానే ఉందండీ."

ఈ రెండు మాటల మధ్య నలిగిపోయేది వాడుకునేవాళ్ళు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజున, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే చివరి గంటలో పేజీ తెరుచుకోకపోతే ఎంత కంగారుగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. దీనికి తోడు డబ్బు నష్టం కూడా ఉంది. నెట్ స్లోగా ఉందని నెలకు మరో రెండు వందలు కట్టి పెద్ద ప్లాన్‌కు మారినవాళ్ళను చాలామందిని చూశాను. మారిన తర్వాత కూడా స్పీడు మునుపటిలాగే ఉంటుంది. ఎందుకంటే అడ్డు ప్లాన్‌లో లేదు, మరెక్కడో ఉంది. కూలి డబ్బులతో పిల్లల్ని చదివించే మన ఇళ్ళలో నెలకు రెండు వందలంటే తక్కువేమీ కాదు.

అడ్డు ఎక్కడుందో చెప్పే అంకెలు మోడెమ్ లోపలే ఉంటాయి. వాటిని చదవడానికి ఇంజినీరింగ్ చదవాల్సిన పని లేదు. పదో తరగతి లెక్కలు వస్తే చాలు.

బస్సు ఉదాహరణ

ముందుగా మన ఊరికొచ్చే బస్సును తలచుకోండి. దాని స్పీడోమీటరు మీద 120 దాకా గీతలున్నాయనుకుందాం. మన రోడ్డు, ఆ ఇంజను కండిషను చూస్తే అది నిజంగా 80 వరకు పోగలదు. కానీ డిపోవాళ్ళు 60 దాటకుండా కట్టడి చేశారు. చివరికి స్టాపులు, గేట్లు, గుంతలు అన్నీ కలుపుకుని చూస్తే గంటకు 35 కిలోమీటర్ల చొప్పున ఇల్లు చేరతాం.

బ్రాడ్‌బ్యాండ్ లైనుకు కూడా ఇలాగే నాలుగు స్పీడులుంటాయి. మొదటిది మోడెమ్ డబ్బా మీద అచ్చువేసిన అంకె. ఆ టెక్నాలజీ హద్దు అది. రెండోది మన లైను ఈ క్షణంలో మోయగల గరిష్ఠ వేగం. మోడెమ్ పేజీలో దీన్ని 'మాక్స్ రేటు' లేదా 'అటైనబుల్ రేటు' అంటారు. మూడోది మోడెమ్ నిజంగా కనెక్ట్ అయిన వేగం. దీన్ని 'యాక్చువల్ రేటు' అంటారు. నాలుగోది మన ఫైలు దిగే వేగం, అంటే చివరికి మన చేతికొచ్చేది. నాలుగూ వేర్వేరు అంకెలు. ఏ అంకె దగ్గర స్పీడు తగ్గిపోతోందో చూస్తే అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది.

డయలప్ రోజుల్లో

ఈ తేడా కొత్తది కాదు. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలయ్యాయి. అప్పట్లో ఫోన్ లైను మీదే నంబరు డయల్ చేసి కనెక్ట్ అయ్యేవారు. 1998లో వి.90 అనే ప్రమాణం వచ్చాక '56కె' మోడెములు బాగా అమ్ముడుపోయాయి. నెట్ సెంటర్లకు వెళ్ళిన సీనియర్లకు ఆ మోడెమ్ చేసే కీచు శబ్దం గుర్తుండే ఉంటుంది. డబ్బా మీద 56 అని ఉన్నా, కనెక్ట్ అయ్యాక కంప్యూటర్ మూలన 44 అనో, 48 అనో కనిపించేది. లైను మరీ పాడైతే ఇంకా తక్కువ. పైకి పంపే వేగమైతే వి.90లో ఎంత మంచి లైనుకైనా 33.6 దాటేది కాదు. అంటే డబ్బా మీది అంకెకూ లైనులోని అంకెకూ తేడా ఉంటుందని ఆనాడే మన కళ్ళ ముందే ఉంది.

రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్

2004 అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం, సెకనుకు కనీసం 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' పేరుతో ఫోన్ తీగల మీదే ఈ సేవ మొదలుపెట్టింది. ఆ తర్వాత 2013లో కనీస వేగం 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. ఇప్పుడు చాలాచోట్ల రాగి తీగల స్థానంలో ఫైబర్ వచ్చేసింది. అయినా నేను రాగి లైను ఉదాహరణతోనే చెబుతాను. ఎందుకంటే గరిష్ఠ వేగం, అసలు వేగం అనే రెండు అంకెలూ పక్కపక్కన స్పష్టంగా కనిపించేది ఆ మోడెమ్‌లోనే. అది అర్థమైతే ఫైబర్, వైఫై తేలిగ్గా అర్థమవుతాయి.

ఫోన్‌లో మన మాటలకు కావలసింది 4 కిలోహెర్ట్‌జ్‌లోపు భాగం మాత్రమే. తీగలో అంతకు పైనున్న భాగం ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని వాడుకునే పద్ధతి పేరు ఏడీఎస్ఎల్. దీనిలో ఇంటికి వచ్చే దారి వెడల్పుగా, ఇంటి నుంచి వెళ్ళే దారి ఇరుకుగా ఉంటుంది. ఇలా రెండు దారులనూ అసమానంగా పెడితే పక్కపక్క తీగల మధ్య గోల తగ్గుతుందని అమెరికాలోని బెల్‌కోర్ సంస్థకు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ 1980ల చివర్లో ప్రతిపాదించారు. ఆ వెడల్పును చిన్నచిన్న గీతలుగా కోసి వాడే పద్ధతిని స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జాన్ సియోఫీ ముందుకు తెచ్చారు.

2003లో ప్రమాణంగా వచ్చిన ఏడీఎస్ఎల్2ప్లస్ తీగలో 2.2 మెగాహెర్ట్‌జ్ దాకా వాడుకుంటుంది. ఆ మొత్తాన్ని 512 సన్నని దారులుగా విభజిస్తుంది. ఒక్కో దారి వెడల్పు 4.3125 కిలోహెర్ట్‌జ్. మోడెమ్ స్విచ్ వేయగానే దాని మీది డీఎస్ఎల్ లైటు కాసేపు మిణుకుమిణుకుమంటుంది కదా, ఆ సమయంలో జరిగేది ఇదే: మోడెమ్, ఎక్స్ఛేంజిలోని పరికరం కలిసి ఒక్కో దారినీ పరీక్షిస్తాయి. శుభ్రంగా ఉన్న దారిలో ఒక్కో విడతకు 15 బిట్ల దాకా వేస్తాయి. గోలగా ఉన్న దారిలో రెండో మూడో వేస్తాయి. పూర్తిగా పాడైన దారిని వదిలేస్తాయి. సెకనుకు ఇలాంటి విడతలు సుమారు 4,000. అంటే 15 బిట్లు మోసే దారి సెకనుకు 60 కిలోబిట్లు మోస్తుంది, 5 బిట్లు మోసేది 20 కిలోబిట్లే మోస్తుంది. వాడుకలో ఉన్న దారులన్నీ కూడితే వచ్చేదే లైను వేగం.

డబ్బా మీద రాసిన 24 మెగాబిట్లు రావాలంటే ఎక్స్ఛేంజి పక్కనే మన ఇల్లు ఉండాలి. దూరం పెరిగేకొద్దీ పై దారులు ముందుగా చచ్చిపోతాయి. ఎందుకంటే ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే తీగలో సంకేతం అంత తొందరగా సన్నగిల్లుతుంది. గోలతో పోలిస్తే సంకేతం ఎంత బలంగా ఉందన్నదాని మీదే ఏ లైనుకైనా హద్దు ఉంటుందని క్లాడ్ షానన్ 1948లోనే గణితంతో నిరూపించారు. ఖరీదైన మోడెమ్ కొన్నా ఆ హద్దును దాటలేం.

మోడెమ్ పేజీ చూడటం

మోడెమ్‌కు కలిపిన కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొడితే చాలా మోడెములలో లోపలి పేజీ వస్తుంది. కొన్నింటిలో ఈ అంకె వేరే ఉంటుంది, మోడెమ్ అడుగున అంటించిన చీటీ మీద చూడవచ్చు. లాగిన్ వివరాలు కూడా అక్కడే ఉంటాయి. హాస్టల్లో అయితే వార్డెన్ గారి అనుమతి తీసుకుని, ఆయన ముందే చూడండి. సెట్టింగులు ఏవీ మార్చవద్దు. 'స్టేటస్' అనే చోట చూడాల్సినవి నాలుగే.

మాక్స్ రేటు: ఇప్పుడున్న గోలను బట్టి, భద్రత కోసం కొంత మిగులు ఉంచుకుని, ఈ లైను ఎంత మోయగలదో మోడెమ్ వేసిన అంచనా. ఇది వాగ్దానం కాదు, గంట గంటకూ మారుతుంది.

యాక్చువల్ రేటు: ఎక్స్ఛేంజితో మోడెమ్ నిజంగా కుదుర్చుకున్న వేగం. మళ్ళీ కనెక్ట్ అయ్యేదాకా ఇది సాధారణంగా మారదు. మన ప్లాన్‌ను బట్టి కంపెనీవాళ్ళు పెట్టిన కట్టడి కనిపించేది ఇక్కడే.

ఎస్ఎన్ఆర్ మార్జిన్: మనం వాడుతున్న వేగానికి అవసరమైనదానికంటే సంకేతం ఎంత మిగులు బలంతో ఉందో చెప్పేది. డెసిబెల్స్‌లో ఉంటుంది. సాధారణంగా కనెక్ట్ అయ్యేటప్పుడు కనీసం 6 ఉండేలా చూస్తారు. ఈ అంకె ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది.

అటెన్యుయేషన్: ఎక్స్ఛేంజి నుంచి మన ఇంటికి వచ్చేసరికి సంకేతం ఎంత నీరసించిందో చెప్పేది. ఇది ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. సాధారణ తీగకు కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్స్ అని ఒక మోటు లెక్క ఉంది.

మూడు ఇళ్ళు, మూడు కథలు

ఉదాహరణకు మూడు ఇళ్ళు తీసుకుందాం. అంకెలు అర్థం కావడానికి వేసినవి, కానీ ఇలాంటి లైన్లు నిత్యం కనిపించేవే. మూడిళ్ళలోనూ వినిపించే మాట "నెట్ స్లో" అనే.

మొదటి ఇల్లు: మాక్స్ 11,200 కిలోబిట్లు, యాక్చువల్ 2,048, మార్జిన్ 24, అటెన్యుయేషన్ 32. ఈ లైను దివ్యంగా ఉంది. 11 మెగాబిట్లు మోయగలిగినా ప్లాన్ 2 మెగాబిట్లదే కాబట్టి అక్కడ కట్టేశారు. ఈ ఇంట్లో పెద్ద ప్లాన్‌కు మారితే ఫలితం కనిపిస్తుంది.

రెండో ఇల్లు: మాక్స్ 3,400, యాక్చువల్ 3,392, మార్జిన్ 6, అటెన్యుయేషన్ 55. రెండు అంకెలూ దాదాపు సమానం. ఎక్స్ఛేంజి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. లైను ఉన్నంతా ఇచ్చేసింది. ఈ ఇంటివాళ్ళు 8 మెగాబిట్ల ప్లాన్ తీసుకుంటే బిల్లు పెరుగుతుంది తప్ప స్పీడు పెరగదు. వీళ్ళకు ఫైబర్ లాంటి వేరే దారి కావాలి.

మూడో ఇల్లు: యాక్చువల్ 2,048, మాక్స్ 1,500, మార్జిన్ 3. గరిష్ఠం కంటే అసలు ఎక్కువ ఎలా అయిందని ఆశ్చర్యపోతాం. లెక్క తప్పలేదు. కనెక్ట్ అయిన సమయంలో లైను బాగుంది, 2,048కి ఒప్పుకుంది. ఆ తర్వాత గోల పెరిగింది. ఇప్పుడు కొత్తగా కనెక్ట్ అయితే 1,500 మాత్రమే వస్తుందని మోడెమ్ చెబుతోంది. మిగులు కరిగిపోయింది కాబట్టి కాసేపట్లో లైను తెగి మళ్ళీ కలుస్తుంది. ఇలాంటి చోట ప్లాన్ మార్చి ప్రయోజనం లేదు. తీగలోనో, జాయింట్‌లోనో, ఇంట్లో ఫోన్‌కు పెట్టాల్సిన స్ప్లిట్టర్‌లోనో లోపం ఉంది, దాన్ని బాగుచేయాలి.

కనెక్ట్ అయిన వేగం అంతా ఎందుకు రాదు?

యాక్చువల్ రేటు 2,048 ఉన్నా, ఫైలు దింపుతుంటే తెర మీద 220 లోపే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసం జరిగిందనుకుంటారు. మొదటి కారణం కొలమానం. లైను వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంగ్లిషులో చిన్న 'బి' ఉంటే బిట్, పెద్ద 'బి' ఉంటే బైట్. కాబట్టి 2,048ని 8తో భాగిస్తే 256 కిలోబైట్లు.

ఆ 256లో కూడా కొంత దారి ఖర్చులకు పోతుంది. ఉత్తరం పంపాలంటే కవరు, దాని మీద అడ్రసు కావాలి కదా. అలాగే ఏడీఎస్ఎల్ లైను మీద మన సమాచారం 53 బైట్ల చిన్న పొట్లాలుగా వెళ్తుంది. అందులో 5 బైట్లు అడ్రసుకే. దానిపైన ఇంకా కొన్ని కవర్లున్నాయి. అన్నీ పోగా మన చేతికి వచ్చేది సుమారు 85 శాతం. అంటే సెకనుకు దాదాపు 218 కిలోబైట్లు. ఈ లెక్కన 100 మెగాబైట్ల పాఠం వీడియో దిగడానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. వందను రెండుతో భాగించి యాభై సెకన్లలో దిగాలనుకున్నవాళ్ళకు నిరాశ తప్పదు. ఈ ఖర్చు ప్రతి లైనుకూ ఉండేదే, దీని గురించి ఫిర్యాదు చేసి లాభం లేదు. లెక్క తెలిసి ఉంటే ఎంత రావాలో మనకు ముందే తెలుస్తుంది, అంతకంటే బాగా తక్కువ వస్తేనే అడగవచ్చు.

ఒక ట్యాంకు, ఎన్నో కుళాయిలు

హాస్టల్లో ఉదయం ఆరింటికి స్నానాల గదుల్లో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే చివరి కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి. ట్యాంకు నిండుగానే ఉంటుంది, పైపు కూడా బాగానే ఉంటుంది. నెట్ సంగతీ అంతే. 100 మెగాబిట్ల లైను మీద 40 ఫోన్లు ఒకేసారి పని చేస్తే ఒక్కోదానికి వాటాగా వచ్చేది రెండున్నర లోపే. దరఖాస్తు పేజీలు తెరవడానికి అది చాలు. కానీ పదిమంది పెద్ద సైజు వీడియోలు పెడితే మిగతావాళ్ళకు చుక్కలు కనిపిస్తాయి.

చాలామంది గమనించనిది పైకి వెళ్ళే దారి. వార్షికోత్సవం రోజు రాత్రి అందరి ఫోన్లూ ఆనాటి ఫోటోలను వాటంతట అవే పైకి పంపించడం మొదలుపెడతాయి. మనం ఏది దింపుకున్నా, "అందింది" అనే చిన్న రసీదు పైకి వెళ్ళాలి. పై దారి ఫోటోలతో నిండిపోతే ఆ రసీదులు ఆగిపోతాయి, దాంతో దిగే వేగం కూడా పడిపోతుంది. ముఖ్యమైన దరఖాస్తుల రోజుల్లో ఫోన్లలో ఈ ఆటోమేటిక్ బ్యాకప్ ఆపి చూడండి. పైసా ఖర్చు లేకుండా తేడా తెలుస్తుంది.

వైఫై, కేబులు చేసే మాయ

రూటర్ డబ్బా మీద '300 ఎంబీపీఎస్' అని ఉంటుంది. అది రెండు యాంటెన్నాలు, వెడల్పాటి చానల్, మంచి సంకేతం అన్నీ కుదిరితే గాలిలో ఉండే వేగం. ఒక్క యాంటెన్నా ఉన్న ఫోన్ అదే రూటర్‌కు మామూలు చానల్ మీద 72 వద్ద కనెక్ట్ అవుతుంది. పైగా వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. తరగతిలో సార్ ఒక్కొక్కరినే లేపి అడిగినట్టన్నమాట. దూరాన మూల గదిలో ఉన్నవాడి ఫోన్ నత్తనడకన మాట్లాడితే ఆ సమయమంతా అందరికీ వృథా. అందుకే వైఫై చూపే అంకెలో సగం చేతికొస్తే బాగా వచ్చినట్టే. రూటర్‌ను ఇనుప బీరువా వెనక పెట్టకుండా, ఎత్తులో, గదుల మధ్యలో పెడితే ఖర్చు లేకుండా మెరుగుపడుతుంది.

కేబులు సంగతి కూడా చూడాలి. రూటర్‌కు 100 మెగాబిట్ల పోర్టులే ఉంటే 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా ఆ పోర్టు ద్వారా 94కి మించి రాదు. గిగాబిట్ పోర్టు ఉన్నా కేబులులోని ఎనిమిది తీగలూ బాగుండాలి. అందులో ఒకటి తెగితే కనెక్షన్ 100కి పడిపోవచ్చు. ప్లాన్ పెంచినా స్పీడు 94 దగ్గరే ఆగిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

ఫైబర్ వచ్చాక

ఫైబర్‌లో దూరంతో వేగం తగ్గిపోయే బాధ దాదాపుగా లేదు. కానీ అక్కడా గరిష్ఠం వేరు, అందేది వేరు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద దిగే వేగం 2.488 గిగాబిట్లు. దాన్ని 32 ఇళ్ళకు పంచితే, అందరూ ఒకేసారి పూర్తిగా వాడిన క్షణంలో ఒక్కో ఇంటికి వాటా 78 మెగాబిట్లకు కాస్త తక్కువ. అందరూ ఒకేసారి వాడరనే నమ్మకం మీదే పెద్ద ప్లాన్లు అమ్ముతారు. అందుకే ప్రకటనల్లో '200 వరకు' అని ఉంటుంది. ఆ 'వరకు' అన్న మాటను వదలకుండా చదవండి.

ఫైబర్ మోడెమ్ పేజీలో మార్జిన్‌కు బదులు అందుతున్న కాంతి బలం కనిపిస్తుంది. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. సాధారణంగా వాడే పరికరాలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య ఉండాలి. మైనస్ 20 దగ్గర ఉంటే హాయి. మైనస్ 27కు చేరుతుంటే ఫైబర్ ఎక్కడో బాగా వంగిందనో, కనెక్టర్‌లో దుమ్ము పట్టిందనో అర్థం. ఫైబర్ కొనను మాత్రం ఎప్పుడూ కంటితో నేరుగా చూడవద్దు. అందులోని వెలుగు కనిపించదు కానీ కంటికి హాని చేయగలదు.

ఒక లాంగ్ నోట్‌బుక్ చేసిన పని

2014 వానాకాలంలో ఒక బాలికల కళాశాల హాస్టల్లో లైను మాటిమాటికీ తెగిపోయేది. అవి స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజులు. మూడుసార్లు ఫిర్యాదు చేశారు. మూడుసార్లూ మనిషి మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చి, పరీక్షించి, "లైన్ ఓకే" అని రాసి వెళ్ళాడు. అతను అబద్ధం చెప్పలేదు, వచ్చిన సమయంలో లైను నిజంగానే బాగుంది.

ఇంటర్ చదివే ఒక చెల్లెలికి నేను ఫోన్‌లో ఆ నాలుగు అంకెలు ఎక్కడుంటాయో చెప్పాను. ఆమె లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీసి, వార్డెన్ గారి గదిలో రోజుకు మూడుసార్లు చొప్పున వారం రోజులు రాసింది. తేదీ, సమయం, మాక్స్, యాక్చువల్, మార్జిన్, అటెన్యుయేషన్, పక్కన 'వాన' లేదా 'ఎండ'. ఎండ కాసిన రోజు మాక్స్ 8,000 దాకా, మార్జిన్ 20 దాకా ఉంది. వాన పడిన రాత్రి మాక్స్ 1,500, మార్జిన్ 3. వాన వెలిసిన రెండో రోజుకు మళ్ళీ పైకి. ఇరవై ఒక్క వరుసల ఆ పట్టిక చూశాక ఎవరూ "లైన్ ఓకే" అనలేకపోయారు. వానకు, లైనుకు సంబంధం ఉందంటే ఎక్కడో జాయింట్‌లోకి నీళ్ళు దిగుతున్నట్టే. హాస్టల్ గోడ బయటి డీపీ బాక్సు దగ్గర జాయింట్ తీసి చూస్తే రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. కోసి, కొత్తగా కలిపి, మూత బిగించారు. పని అరగంట కూడా పట్టలేదు. అంతకుముందు అందరూ వేస్తున్న ఆలోచన ఏమిటంటే, చందాలు పోగుచేసి పెద్ద ప్లాన్‌కు మారడం!

మీరు చేయాల్సింది

నెట్ స్లోగా ఉందనిపించినప్పుడు ఈ వరుసలో చూడండి.

మొదట మోడెమ్ పేజీలోని అంకెలు రాసుకోండి. యాక్చువల్ రేటు ప్లాన్ కంటే తక్కువగా ఉన్నా, మార్జిన్ పడిపోతున్నా లోపం లైనులో ఉంది.

అంకెలు బాగుంటే, తెల్లవారుజామున ఎవరూ వాడని వేళ ఒక కంప్యూటర్‌ను కేబులుతో నేరుగా కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. అప్పుడూ తక్కువే వస్తే లోపం కంపెనీ నెట్‌వర్క్‌లో ఉండవచ్చు, లేదా నెల డేటా పరిమితి దాటి ఉండవచ్చు.

తెల్లవారుజామున బాగుండి రాత్రి ఎనిమిదికి పడిపోతే అది పంపకం సమస్య. మిగతా ఫోన్లన్నీ కాసేపు ఆపి మళ్ళీ చూడండి. అప్పుడు పెరిగితే రద్దీ మన హాస్టల్లోనే ఉంది, పెరగకపోతే బయట ఉంది.

కేబులులో బాగుండి ఫోన్‌లో మాత్రమే తక్కువైతే అది వైఫై సంగతి. కంపెనీని అనవద్దు.

లోపం వాళ్ళ వైపే అని తేలితే అంకెలతో సహా ఫిర్యాదు రాయించి, ఫిర్యాదు నంబరు తప్పకుండా తీసుకోండి. వినియోగదారుడికి అందే వేగం ప్లాన్‌లో చెప్పినదానిలో 80 శాతానికి పైగా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నాణ్యతా నిబంధన పెట్టింది. 2024లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి తెచ్చింది. కాల్ సెంటర్‌లో పని జరగకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్ళే వీలును 2012 నిబంధనలు కల్పించాయి. అక్కడ "స్లోగా ఉంది" అన్న మాట కంటే ఏడు రోజుల పట్టికకు విలువ ఎక్కువ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మోడెమ్ ఉంటే ఈ అంకెలు ఒకసారి చూసి రాసి పెట్టండి. లైను బాగున్న రోజు అంకెలు మన దగ్గర ఉంటేనే, పాడైన రోజు ఎంత తేడా వచ్చిందో చూపించగలం. పెద్ద ప్లాన్‌కు మారదామని ఇంట్లో ఎవరైనా అంటే ముందు మాక్స్ రేటు ఎంతో చూసి చెప్పండి. మన హాస్టల్ ఆఫీసు గదిలో కూడా ఒక నోట్‌బుక్ పెట్టి, వారానికి ఒకరు చొప్పున ఈ పని పంచుకుంటే దరఖాస్తుల రోజు కంగారు చాలావరకు తగ్గుతుంది. పూర్వ విద్యార్థుల్లో ఈ రంగంలో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నాం. ఆ పట్టిక పంపితే చూసి చెప్పడానికి మేము సిద్ధం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.